కీర్తిశాలకెక్కిన కొడుకు

పిచ్చేశ్వరరావు గారి సన్మాన సభలో నాలుగు ముక్కలు మాట్లాడాలని కాలేజీ నుంచి కబురు రాగానే నాంచారయ్య ఒప్పుకున్నాడు. కబురు పట్టుకుని బందరు నుంచి గుడివాడ దాకా వచ్చిన గుమాస్తా, "ఆలోచించుకుని చెబుతారేమో అనుకున్నానండీ" అన్నాడు.

"ఆలోచించడానికేముందండీ? పదేళ్ల నుంచీ అదే ఆలోచన" అన్నాడు నాంచారయ్య.

గుమాస్తాకి ఆ మాటలో గురుభక్తి కనిపించింది. సంతోషంగా కాఫీ తాగి వెళ్లిపోయాడు.

నాంచారయ్య గుడివాడ హైస్కూల్లో డ్రిల్లు మేష్టారు. సొంతూరు పెడన. తండ్రిలాగే మగ్గం గుంటలో కాళ్లాడించాల్సినవాడు, పరుగు పందాల పుణ్యమా అని బందరు రాజావారి కాలేజీలో సీటూ, హాస్టల్లో తిండీ సంపాదించుకుని బి.ఏ. దాకా చదివాడు. ఆ సీటు ఇప్పించిందీ, ఆ తిండి పెట్టించిందీ కాలేజీ ఫిజికల్ డైరెక్టరు పిచ్చేశ్వరరావు. కాబట్టి లోకం దృష్టిలో నాంచారయ్య ఆయనకి ప్రియ శిష్యుడు.

కాలేజీ కమిటీ సెక్రటరీ పున్నారావు గారు ఆ మధ్య మద్రాసు వెళ్లినప్పుడు, అక్కడొక కాలేజీలో పేరుమోసిన ఆటగాళ్ల ఫొటోలు వరసగా తగిలించిన హాలు చూసి ముచ్చటపడ్డారట. తిరిగొచ్చీ రాగానే మనకీ అలాంటిది ఉండి తీరాలన్నారు. లైబ్రరీ పక్కన మూలపడ్డ పాత జిమ్నాజియానికి వెల్ల వేయించి, గచ్చు చేయించి, గుమ్మం మీద 'కీర్తిశాల' అని పెద్ద అక్షరాలతో రాయించారు. మొదటి ఏడాది గౌరవానికి కోచ్‌లలో పిచ్చేశ్వరరావునీ, ఆటగాళ్లలో దయానందాన్నీ ఎంపిక చేశారు. ఎవరూ కాదనలేదు. పిచ్చేశ్వరరావు పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. దయానందం చనిపోయి పదేళ్లయింది.

దయానందానిది దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక పల్లె. క్రైస్తవుల బిడ్డ. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి భాగ్యమ్మ నాట్లకీ కోతలకీ వెళ్లి పెంచింది. కాలేజీలో అతనికీ నాంచారయ్యకీ ఒకటే గది. పొడుగ్గా, రివటలా ఉండేవాడు. పరుగెత్తుతూ కబుర్లు చెప్పేవాడు. మంగినపూడి రోడ్డు మీద మిగతావాళ్లంతా ఊపిరాడక నోళ్లు తెరుచుకుని వస్తుంటే, పక్కనే తేలిగ్గా అడుగులు వేస్తూ హాస్టలు వంటవాడు చారులో ఏం కలుపుతాడో వర్ణించి చెప్పేవాడు. నవ్వొచ్చి నాంచారయ్య వెనకబడేవాడు. వెనకబడ్డవాడి పిక్కల మీద పిచ్చేశ్వరరావు బరికె పడేది. ఆయన సైకిలు మీద వెంటే వచ్చేవాడు. యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి. బరికె చేతిలో లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.

యాభై మూడు జనవరిలో అంతర్ కళాశాలల పోటీలు గుడివాడలో జరిగాయి. వారం ముందు దయానందానికి జ్వరం తగిలింది. డాక్టరు చూసి టైఫాయిడ్ అన్నాడు. మంచం దిగకూడదనీ, పేగు పుండై ఉంటుందనీ, ఒళ్లు అలిస్తే లోపల తెగిపోతుందనీ మరీ మరీ చెప్పాడు. అప్పుడు పిచ్చేశ్వరరావు గుమ్మంలో నిలబడే ఉన్నాడు. అంతా విన్నాడు.

పోటీల రోజు పొద్దున ఆయన గదిలోకి వచ్చి దుప్పటి లాగి అవతల పారేశాడు.

"లేవరా. రైలు టైమయింది."

దయానందం లేచి కూర్చోబోయి గోడకి జారగిలబడ్డాడు. "నావల్ల కాదు సార్. నించుంటే కళ్లు తిరుగుతున్నాయి. చచ్చిపోతానేమోనని భయమేస్తోంది సార్" అన్నాడు. అంతటి మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"చావాలని ఉంటే కప్పు తెచ్చాక చావు. నేనేమన్నా ఆపుతానా?"

నాంచారయ్య అడ్డం పడ్డాడు. మూడు మైళ్ల పందెం తను పరుగెత్తుతానన్నాడు. కాళ్లు పట్టుకున్నాడు. పిచ్చేశ్వరరావు విదిలించుకుని, "నువ్వు మూడోవాడివిరా. మూడోవాడికి కప్పెవడిస్తాడు?" అన్నాడు.

ఆ రోజు పందెంలో దయానందం కబుర్లు చెప్పలేదు. పళ్లు బిగించి, ఒక చెయ్యి పొట్టకి అదిమిపెట్టుకుని పరుగెత్తాడు. గెలిచాడు. గీత దాటాక కూడా ఆగటం తెలియనట్టు ముందుకు వెళ్లిపోతుంటే ఇద్దరు పట్టుకుని ఆపారు. ఫొటో తీసేవాడు వచ్చాడు. పిచ్చేశ్వరరావు కప్పుని అతని చేతుల్లో పెట్టి, పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. చూసేవాళ్లకి అది ఆప్యాయతలా ఉంటుంది. పడిపోకుండా ఆయన వేళ్లు భుజంలోకి దిగేలా పట్టుకున్నాడని ఎదురుగా ఉన్న నాంచారయ్యకి తెలుసు. దయానందం బతుకు మొత్తానికి తీసిన ఫొటో అదొక్కటే.

సాయంత్రం రైల్లో అతని కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. కవుతరం దాటేసరికి స్పృహ తప్పింది. బందరు స్టేషనులో కాలేజీ అంతా బ్యాండు మేళంతో వచ్చి నిలబడి ఉంది. పిచ్చేశ్వరరావు కప్పు పట్టుకుని దిగాడు. కుర్రాళ్లు ఆయన్ని భుజాల మీదికెత్తుకున్నారు. మేళం ఊరేగింపుగా వెళ్లిపోయాక, నాంచారయ్య కూలీవాళ్లని బతిమాలి దయానందాన్ని రైలు పెట్టెలోంచి దింపించాడు. మర్నాడు మధ్యాహ్నం కాకుండానే ప్రాణం పోయింది.

శవాన్ని జీపులో వేసుకుని పిచ్చేశ్వరరావే దివిసీమ తీసుకెళ్లాడు. "పందెం గెలిచిన మర్నాడు ఉన్నట్టుండి జ్వరం తగిలిందమ్మా. కప్పు గుండెల మీద పెట్టుకుని నవ్వుతూ పోయాడు. నీ కడుపున రాజు పుట్టాడు" అని భాగ్యమ్మతో చెప్పాడు. ఆవిడ నమ్మింది. అప్పట్నించీ ఏటా జనవరిలో తేగల కట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కి బందరు వచ్చి, ఆయన ఇంట్లో ఇచ్చి వెళ్లేది. నాంచారయ్య ఎండాకాలం సెలవుల్లో ఆవిణ్ణి చూడ్డానికి వెళ్లేవాడు. ఆవిడ చేపల పులుసు చేసి పెట్టి, పక్కనే కూర్చుని, కొడుకు ఎలా గెలిచాడో చెప్పించుకుని వినేది. అతను పరుగు వరకే చెప్పేవాడు. మిగతాది చెప్పడానికి నోరు పెగిలేది కాదు.

సభ ఫిబ్రవరిలో పెట్టారు. ఊరి పెద్దలు, కలెక్టరాఫీసు వాళ్లు, పాత విద్యార్థులు వస్తారని గుమాస్తా చెప్పాడు. భాగ్యమ్మ సంగతి నాంచారయ్య గుచ్చి గుచ్చి అడిగాడు. అంత దూరం నుంచి ఆవిణ్ణెవరు తీసుకొస్తారండీ, రాదు, అన్నాడతను. అది విన్నాక నాంచారయ్య ఏం మాట్లాడాలో నిర్ణయించుకున్నాడు. బందరు పెద్దల ముందు, పిచ్చేశ్వరరావు కళ్లెదుట, ఉన్నదున్నట్టు చెప్పాలి. ముసలాయన నోరు పడిపోయింది కాబట్టి కాదనలేడు. ఆ ఊహ అతనికి ఎంతో హాయిగా ఉండేది.

ఆ రోజు హాల్లో అడుగుపెట్టేసరికి ముందు వరసలో కుర్చీ అంచున ఒదిగి కూర్చుని భాగ్యమ్మ కనిపించింది. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. చివరి నిమిషంలో పున్నారావు గారు జీపు పంపించి రప్పించారట. నాంచారయ్యని చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. "చూశావా బాబూ, మన దయానందం ఎంత గొప్పోడయ్యాడో!" అంది. చెప్పకూడదు, ఏదో నాలుగు పొగడ్తలు చెప్పి దిగిపోవాలి అనుకున్నాడతను.

పిచ్చేశ్వరరావుని పడక కుర్చీలో మోసుకొచ్చి వేదిక మీద దించారు. కుడి చెయ్యీ కాలూ పనిచేయవు. నోరు ఒక పక్కకి జారి, మాట బదులు గరగరమనే శబ్దం వస్తుంది. భార్య సీతారావమ్మ చెంగుతో ఆయన మూతి తుడుస్తూ నిలబడింది. ఆయన ఎడమచేత్తో నోటివైపు చూపిస్తున్నాడు.

"మంచినీళ్లు అడుగుతున్నారేమో అండీ" అన్నాడు నాంచారయ్య.

"తెలుసు నాయనా. పొద్దుట్నించీ ఇవ్వలేదు. ఇస్తే పంచె తడిపేస్తారు. ఇంతమందిలో పరువు దక్కాలిగా!" అందావిడ మామూలుగా.

పున్నారావు గారు ఫొటో మీది తెర లాగారు. కప్పు పట్టుకున్న దయానందం, అతని భుజం మీద చెయ్యేసిన పిచ్చేశ్వరరావు. ఇద్దరికీ కలిపి ఒకటే ఫొటో, నిలువెత్తు పెద్దది చేయించారు. భాగ్యమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పదేళ్ల తర్వాత కొడుకు ముఖం చూడటం అదే.

"ఈ తల్లి చేతుల మీదుగానే గురువు గారికి శాలువా కప్పిస్తాం" అన్నారు పున్నారావు గారు. ఆవిణ్ణి వేదిక మీదికి పిలిచారు. ఆవిడ శాలువా కప్పి, వంగి ఆ పాదాలు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నా బిడ్డని కొడుకులా చూసుకున్నారు బాబుగారూ" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పాదాల్లో ఒకటి తనని విదిలించి కొట్టింది. నాంచారయ్యకి ఒళ్లు మండిపోయింది. తన పేరు పిలవగానే మైకు ముందుకు వెళ్లాడు.

మెల్లగానే మొదలుపెట్టాడు. తన మడమ పగిలి నెత్తురు కారుతోందంటే, మేష్టారు ఆ పగుళ్లలో ఉప్పు కూరి మళ్లీ పరుగెత్తించారని చెప్పాడు. సభ గొల్లున నవ్వింది. ఆలస్యంగా వచ్చిన రోజున వైశాఖపు ఎండలో గోలు స్తంభానికి కట్టేశారని చెప్పాడు. మళ్లీ నవ్వారు. వెనక వరసలో పాత విద్యార్థి ఒకడు, "నన్నూ కట్టారు, నన్నూ కట్టారు!" అని గర్వంగా అరిచాడు. ఏం చెప్పినా ముద్దుముచ్చటలా వింటున్నారు. అతని గొంతు లేచింది.

"దయానందం జ్వరం పందెం అయ్యాక రాలేదు. వారం ముందే వచ్చింది. టైఫాయిడ్. పరుగెత్తితే పేగు తెగి చస్తాడని డాక్టరు ఈయన ముందే చెప్పాడు. లేవలేను సార్, చచ్చిపోతాను సార్ అని వాడు ఏడిస్తే ఈయన ఏమన్నాడో తెలుసా? చావాలని ఉంటే కప్పు తెచ్చాక చావు అన్నాడు. వాడు కప్పు తెచ్చి చచ్చాడు!"

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నాంచారయ్య తను గెలిచాననుకున్నాడు.

పున్నారావు గారు లేచి మైకు అందుకున్నారు. కళ్లు చెమర్చి ఉన్నాయి. "విన్నారా? కప్పు తెచ్చాక చావు! అదీ గురువంటే! తెచ్చి చూపించి మరీ కన్ను మూశాడు, అదీ శిష్యుడంటే! ఇవాళ ఏ మేష్టారికుందండీ ఆ మాట అనే గుండె? ఈ మాట ఫొటో కింద రాయిస్తాను. తరతరాలు చదువుకోవాలి!"

హాలు దద్దరిల్లింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. కలెక్టరాఫీసు పెద్దమనిషి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, ఆయన్ని చూసి అందరూ లేచారు. పిచ్చేశ్వరరావు కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఆనంద బాష్పాలు అన్నారెవరో. నాంచారయ్య మైకు పక్కనే నిలబడిపోయాడు. వేదిక కింద, హాలంతటిలో, కూర్చుని ఉన్న మనిషి ఒక్కతే. భాగ్యమ్మ.

సభ అయ్యాక పిచ్చేశ్వరరావుని బండి వచ్చేదాకా పక్క గదిలో ఉంచారు. సీతారావమ్మ బయట ఎవరితోనో మాట్లాడుతోంది. నాంచారయ్య లోపలికి వెళ్లాడు. మూల కుండలో నీళ్లున్నాయి. ముసలాయన వాటివైపే చూస్తూ ఎడమచేత్తో నోరు చూపించాడు. పెదాలు ఎండి చీలి ఉన్నాయి.

నాంచారయ్య గ్లాసు నిండా ముంచాడు. తీసుకొచ్చి ఆయన ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు. ఆయన నోరు తెరిచి మెడ చాచాడు. ఆ మెడ ఎంత దూరం వస్తుందో అంత దూరం రానిచ్చి, గ్లాసు వెనక్కి తీసుకెళ్లి కిటికీలో పెట్టాడు.

"ఇంటికెళ్లాక తాగుదురుగాని" అన్నాడు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో భాగ్యమ్మ ఉంది. ఎంతసేపయిందో వచ్చి.

"ఆ మాట నిజంగా అన్నాడా బాబూ?" అంది.

"అన్నాడమ్మా. నా చెవులారా విన్నాను."

"లేవలేనని ఏడ్చాడా?"

నాంచారయ్య తలూపాడు.

"పదేళ్లు తేగలు మోశాను ఈయనకి." ఆవిడ పిచ్చేశ్వరరావు వంక చూసింది. ఆయన కళ్లు కిటికీలో గ్లాసు మీదే ఉన్నాయి.

"అందుకే చెప్పానమ్మా. నీకు తెలియాలని."

"నాకు తెలియాలని కాదు. నాకు తెలియాలంటే మా ఇంటికొచ్చినప్పుడు చెప్పేవోడివి. ఎన్నిసార్లు తిన్నావు నా చేతి కూడు? ఎదురుగా కూర్చునేగా అడిగేదాన్ని?" ఆవిడ గొంతు పెంచలేదు. "ఈయన్ని కొట్టాలనుకున్నావు. మధ్యలో నేనున్నానని కూడా చూసుకోలేదు."

"అమ్మా, అది కాదు..."

"నవ్వుతా పోయాడనుకుని బతికాను బాబూ. ఇవాళ్టి నుంచీ రోజూ ఏడుస్తాడు నాకు, లేవలేనమ్మా అని. ఏం చెయ్యమంటావు నన్ను?"

ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చి గ్లాసు చూసింది, తర్వాత అతన్ని చూసింది.

"నువ్వూ ఈయన దగ్గర నేర్చుకున్నోడివేగా" అంది.

గ్లాసు తను కూడా ముట్టుకోలేదు. బయటికి వెళ్లిపోయింది.

హాల్లో కుర్చీలు సర్దిస్తున్న పున్నారావు గారి దగ్గరికి వెళ్లి, ఆ పటం నాకిప్పించండి బాబూ, వాడి రూపు నా దగ్గర లేదు అని అడిగింది. ఆయన జాలిగా నవ్వారు. "కాలేజీ ఆస్తమ్మా అది. నీ కొడుకు ఇప్పుడు నీ ఒక్కదాని కొడుకు కాదు. చూడాలనిపించినప్పుడు వచ్చి చూసుకో, ఎవరొద్దన్నారు?" తిరుగు ప్రయాణానికి జీపు దొరకలేదు. ఆవిడ బస్సులో వెళ్లింది. నాంచారయ్య బస్టాండు దాకా వెనకే నడిచాడు. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

గుడివాడ వచ్చాక అతనికి నిద్ర పట్టలేదు. ఫొటో తీసినవాణ్ణి వెతికి పట్టుకున్నాడు. పాత నెగెటివు ఇంకా ఉంది. దయానందం ఒక్కణ్ణే తీసి పటం కట్టివ్వమన్నాడు. భుజం మీద చెయ్యి ఉండిపోతుందే అన్నాడు ఫొటోగ్రాఫరు. ఆ చెయ్యి పోవాలి అన్నాడు నాంచారయ్య. అతను కుంచెతో రోజులకి రోజులు కష్టపడ్డాడు. చెయ్యి చెరిపి, భుజం గీసి, పనిలో పనిగా లోపలికి పోయిన బుగ్గలు పూడ్చి, కళ్ల కింది నలుపు తీసేసి, తళతళలాడే పటం చేసిచ్చాడు.

అది పట్టుకుని నాంచారయ్య పులిగడ్డ మీదుగా నాగాయలంక బస్సెక్కాడు. పల్లెకి చేరేసరికి భాగ్యమ్మ వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. అతన్ని చూసి లేవలేదు. కూర్చోమనలేదు. అతను పటం విప్పి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని పటం అందుకుని, ఎండకి తిప్పి చాలాసేపు చూసింది.

"ఎవురు బాబూ ఈ అబ్బాయి?"

"మన దయానందమే అమ్మా. కొంచెం బాగుచేయించాను."

"కాదు." ఆవిడ పటం అతని చేతిలో పెట్టేసింది. "నా బిడ్డ జొరంతో ఉన్నాడు. అక్కడ బందర్లో ఉన్నోడే నా బిడ్డ." మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది. "ఇంక నువ్వు రాబోకు బాబూ. నిన్ను చూస్తే వాడి ఏడుపే వినబడతది."

ఆవిడ తలెత్తలేదు. అతను పటం చంకలో పెట్టుకుని పొలాల గట్టున రోడ్డు మీదికి నడిచాడు.

పిచ్చేశ్వరరావు ఆ వేసవిలోనే పోయాడు. కాలేజీకి సెలవిచ్చారు. కీర్తిశాలలో సంతాప సభ పెట్టారు. నాంచారయ్యకి కబురు రాలేదు, అయినా వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. ఫొటో కింద నీలం అక్షరాలు అప్పటికే రాయించారు. పున్నారావు గారు అన్న మాట నిలబెట్టుకున్నారు. పెద్ద బంతిపూల దండ తెచ్చారు. నౌకరు స్టూలెక్కి, ముసలాయన వైపు ఒక్కదానికే ఎలా వేయాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

"ఇద్దరికీ కలిపే వెయ్యరా" అన్నారు కింద నుంచి.

వాడు ఇద్దరికీ కలిపి వేశాడు.